కుర్చీలావిడ పెట్టిన బడి

ఆ వీధిలో అందరూ ఆమెను కుర్చీలావిడ అనేవారు. ఎప్పుడు చూసినా ఆ ఇంటి ముందుగదిలో నాలుగైదు పేము కుర్చీలు ఉండేవి. ఒకదానికి వీపు చిరిగి, ఇంకోదానికి కూర్చునే చోట పెద్ద బొక్క పడి, ఆసుపత్రి వరండాలో వంతు కోసం కాచుకున్న రోగుల్లా కనిపించేవి. ఆమె పాత అల్లిక కోసి పారేసి, కొత్త పేము బద్దలను తొట్టిలో నానబెట్టి, మెత్తబడ్డాక చట్రం బెజ్జాల గుండా లాగి అల్లేది. ముందు నిలువు వరస, తర్వాత అడ్డం వరస, ఆపైన ఐమూలగా రెండు వరసలు. బిగువు చాలకపోతే కూర్చున్న మనిషి కొన్నాళ్ళకే కిందికి దిగబడతాడు. ఎక్కువైతే పేము ఆరిన రోజున పుటుక్కున తెగుతుంది. ఈ పని ఆమెకు తండ్రి దగ్గర అబ్బింది. చదువు అంతగా అబ్బలేదు. హైస్కూలు దాటింది గానీ, బడి అన్న మాట వింటే ఇప్పటికీ వీపు నిటారు చేసుకుని కూర్చునేది.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. చీకటితో లేచి డిపోకి వెళ్ళి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. పొద్దంతా హారన్ల మధ్య బతికే మనిషి కనక ఇంట్లో గొంతు పెంచేవాడు కాదు. వాళ్ళకి ఒక్కతే కూతురు. మొదట్లో వసపిట్ట అని పిలిచేవారు. రాను రాను వస పోయి పిట్ట మిగిలింది. కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి నిద్ర ముంచుకొచ్చేదాకా ఆ పిల్ల నోటికి విరామం లేదు. స్నానం చేస్తూ సబ్బుతో మాట్లాడేది. తినేటప్పుడు చెంచాకి జాగ్రత్తలు చెప్పేది. మా ఇంట్లో రేడియో కొనక్కర్లేదు, ఉన్నదానికి ఆపే మీట దొరికితే చాలు అని తండ్రి నవ్వేవాడు.

అలాంటి పిల్ల కిండర్‌గార్టెన్‌లో చేరిన రోజు నుంచి మూగనోము పట్టింది.

ఇంట్లోవాళ్ళకి ఈ సంగతి చాలాకాలం తెలియలేదు. బడి నుంచి బయటికొచ్చి సందు మలుపు తిరగ్గానే పిట్ట మామూలుగా మొదలుపెట్టేది. ఎవరి బొత్తాం ఊడింది, ఎవరి డబ్బాలో ఏముంది, గోడ మీద బల్లి ఎటు పోయింది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. అంత చెప్పే పిల్ల అక్కడ నోరు విప్పడం లేదని ఎవరనుకుంటారు?

ఒకరోజు టీచరు కబురు పెడితే తల్లి వెళ్ళింది. చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని విన్నది. టీచరు చిన్న వయసు పిల్ల, మంచి మనసుగలది. చేరిన దగ్గర్నుంచి పిట్ట ఒక్క మాట కూడా మాట్లాడలేదని చెప్పింది. తనతో సరే, పిల్లలతో కూడా మాట్లాడదు. దొడ్డికి వెళ్ళాలన్నా అడగదు, బిగబట్టుకుంటుంది. ఆ రోజు బిగబట్టుకోలేకపోయింది. అద్దాల తలుపులోంచి తల్లి చూసింది. పిల్లలందరూ గుండ్రంగా చేరి చప్పట్లు కొడుతున్నారు. ఎవరిదో నిక్కరు తొడుక్కుని పిట్ట గోడవార నిలబడి ఉంది. ఆ మొహం తల్లి ఎన్నడూ చూడలేదు. నిద్రలో కూడా పిట్ట మొహం అంత కదలకుండా ఉండదు.

డాక్టరుకి చూపించారు. చెవులూ గొంతూ శుభ్రంగా ఉన్నాయన్నాడు. కొంతమంది పిల్లలకి కొత్తచోట మాట లోపలే ఉండిపోతుంది, కసిరితే ఇంకా లోపలికి పోతుంది, ఓపిక పట్టండి అన్నాడు. ఓపిక పట్టారు. కానీ పిట్టకి రోజూ పొద్దున్నే కడుపునొప్పి వచ్చేది. ఒకనాడు బడి గేటు దగ్గర ఇనుప ఊచ పట్టుకుని వదలనంది. వదలనంది అంటే నోటితో కాదు, చేతులతో. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. పిల్ల గొంతెత్తి ఏడిస్తే తల్లి ఎలాగో లోపలికి పంపేదేమో. ఆ చప్పుడులేని ఏడుపుకి తట్టుకోలేక, ఒక్కొక్క వేలే ఊచ మీంచి విడదీసి, ఎత్తుకుని వెనక్కి తిరిగింది. మలుపు తిరిగాక భుజం మీంచి గొంతు వినిపించింది. "అమ్మా, ఆ కుక్కకి ఒక చెవి మడతపడి ఉంది, చూశావా?"

ఆ రోజు మధ్యాహ్నం ఆమె భర్తతో మాట్లాడింది. పిల్లని కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంచి తానే చదువు చెబుతానంది. అతను భోజనం ముగించి, కంచం తీసి, కడిగి బోర్లించి వచ్చాడు. ఆలోచించడానికి అతనికి ఏదో ఒక పని ఉండాలి.

"నీకు చెప్పడం వచ్చా?" అన్నాడు.

"రాదు. కుర్చీ అల్లడం మాత్రం పుట్టగానే వచ్చిందా?"

అతను నవ్వాడు. "సరే కానీ. మా అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో."

వాళ్ళమ్మ, అంటే ఈమె అత్తగారు, ఒకటో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన మనిషి. ఊరికి ఆ చివర కూతురి దగ్గర ఉండేది. పంతులమ్మ అన్న పేరు ఉద్యోగం దిగాక కూడా ఆమెను వదల్లేదు. కోడలు ఈ మాట చెప్పగానే ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కోపం వచ్చినప్పుడు ఆమె ఎదుటివాళ్ళ మొహం స్పష్టంగా చూడ్డానికి ఇష్టపడదు.

"బడి అంటే అక్షరాలొక్కటే కాదమ్మాయ్. పక్క పిల్ల మోచెయ్యి తగలాలి. ఎవరో పెన్సిలు లాక్కోవాలి. అవి నీ ముందుగదిలో ఎక్కడ దొరుకుతాయి?"

ఆ మాట చాలాకాలం కోడలి మనసులో ముల్లులా ఉండిపోయింది. విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళి అడిగితే, కిండర్‌గార్టెన్‌కి పంపి తీరాలన్న నియమం ఏదీ లేదు, ఒకటో తరగతి వయసొచ్చాక మాత్రం బడిలో వెయ్యాలి, లేదా వచ్చి చెప్పాలి అన్నారు. అంటే చేతిలో ఏడాది పైచిలుకు ఉంది.

ఆమె ఏర్పాట్లు మొదలుపెట్టింది. ముందుగదిలో ఒక మూల కుర్చీలన్నీ జరిపించి, గోడకి నల్లబల్ల బిగించింది. చిన్న మేజా, దానికి తగ్గ స్టూలు తెచ్చింది. రంగు సుద్దముక్కలు, పూసల చట్రం, జంతువుల బొమ్మల పటం కొన్నది. గంట కొట్టడానికి ఏమీ లేకపోతే ఇత్తడి గ్లాసూ చెంచా పెట్టుకుంది. మొదటి సోమవారం ఉతికిన బట్టలు ఇస్త్రీ చేసి కట్టుకుని, జుట్టు బిగించి ముడేసి, గ్లాసు మీద చెంచాతో కొట్టి బల్ల ముందు నిలబడింది. పేము పీచు గుచ్చుకున్న తన వేళ్ళు పిల్లకి కనపడకూడదనో ఏమో, వేళ్ళు ముడిచి సుద్దముక్కను అరచేతిలో పట్టుకుంది. గొంతు కూడా మారింది. తను చిన్నప్పుడు విన్న టీచర్ల గొంతు ఎక్కడో దాక్కుని ఉండి, ఇప్పుడు తన నోట్లోంచి బయటికొచ్చింది.

ఆ రోజు పిట్ట సరదాగా ఆడింది. మర్నాడు మంచినీళ్ళు కావాలని చెయ్యెత్తింది. తల్లికి ముచ్చటేసింది, క్రమశిక్షణ వస్తోందనుకుంది. ఆ తర్వాతి రోజు పిట్ట చెయ్యెత్తలేదు. బల్ల మీద అక్షరం చూపించి ఇదేమిటమ్మా అంటే అక్షరం వంక కాకుండా నేల వంక చూసింది. తల్లి మళ్ళీ అడిగింది. వంగి, పిల్ల మొహంలోకి చూసి, ఇంకా మెత్తగా అడిగింది. పిట్ట మొహం అలాగే ఉంది. బడిలో అద్దాల తలుపులోంచి చూసిన మొహం అది.

బడి అయిపోయిందని గంట కొడితే ఆ మొహం పోతుందనుకుంది, పోలేదు. భోజనం దగ్గరా మాట లేదు. స్నానం దగ్గర సబ్బుతో కూడా లేదు. వారం తిరిగేసరికి తల్లి గదిలోకి వస్తే పిల్ల నోరు కట్టేసుకునేది, తల్లి బయటికెళ్తే గుసగుసగా ఏదో వినిపించేది. గాబరా పడ్డ తల్లి ఇంకా ఎక్కువ పాఠాలు పెట్టింది. మునిగేవాడు చేతులు కొట్టుకున్నట్టు.

ఆ శుక్రవారం భర్త డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పుకుంటూ గుమ్మంలో కూర్చున్నాడు. పిట్ట వెళ్ళి అతని మెడ చుట్టూ చేతులు వేసి చెవిలో మాట్లాడుతోంది. తల్లి తలుపు వెనక తొట్టిలోంచి పేము బద్దలు తీస్తూ ఉంది. ఆమె అక్కడ ఉన్నట్టు పిల్లకి తెలియదు.

"నాన్నా, టీచర్ వెళ్ళిపోయాక అమ్మ వస్తుందా?"

అతను ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. తల్లి చేతిలో బద్దలు నీళ్ళు కారుతూ అలాగే ఉండిపోయాయి. పిల్లని బడి మాన్పించి ఇంటికి తెచ్చుకున్నాననుకుంది. తీరా చూస్తే బడిని ఇంటికి తెచ్చి, అమ్మని మాన్పించింది.

ఆ సాయంత్రమే నల్లబల్ల దిగింది. భర్త స్క్రూలు విప్పి, బల్లను పెరటి అరుగు మీద ఆనించి వచ్చాడు. గోడకి రెండు బెజ్జాలు మిగిలాయి. ఆమె జుట్టు ముడి విప్పి, పాత బట్టల్లోకి మారి, కుర్చీ ముందు నేల మీద కూలబడి అల్లడం మొదలుపెట్టింది. అంతకన్నా తనకి వచ్చిన పని ఇంకేదీ లేదనిపించింది.

ఆ తర్వాత చాలా రోజులు ఆమె ఏ పాఠమూ చెప్పలేదు. ఇవాళ ఏం పాఠం అయిందని భర్త అడిగితే ఏమీ కాలేదనేది. అత్తగారు ఫోన్ చేస్తే భర్తే మాట్లాడి, అంతా బాగానే ఉందని తేల్చేసేవాడు. పిట్ట గొంతు కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. మొదట సబ్బుకి, తర్వాత చెంచాకి, ఆపైన తండ్రికి. తల్లి వంతు అందరికన్నా చివర వచ్చింది. ఆమె లోలోపల నొచ్చుకుంది గానీ అడగలేదు. కట్టెలపొయ్యిని ఊదీ ఊదీ ఆర్పేసిన మనిషి మళ్ళీ ఊదడానికి భయపడ్డట్టు, తన ఊపిరిని తానే పట్టుకుని తిరిగింది.

అలాంటప్పుడు పెద్ద పని ఒకటి వచ్చింది. పాత గ్రంథాలయంవాళ్ళు చదువుకునే గది కుర్చీలన్నీ ఒకేసారి బాగుచెయ్యమని పంపారు. ముందుగది నిండిపోయింది. నడవడానికి సందు ఉండాలని ఆమె వాటిని వరసలుగా పేర్చింది. మర్నాడు పొద్దున్న చూస్తే ఆ వరసల ముందు పిట్ట నిలబడి ఉంది, చేతిలో కొలబద్ద.

కుర్చీలకి బడి మొదలైంది. కాలు పొట్టిగా ఉన్నది కుంటిది. అడుగు లేనిది బొక్కది. చేతులున్న ఒకే ఒక్క పెద్ద కుర్చీ మానిటరు. పిట్ట ఒక్కోదాన్నీ లేపి ప్రశ్న అడిగేది, దాని జవాబు కూడా తనే గొంతు మార్చి చెప్పేది. తప్పు చెప్పినవాటిని సరిదిద్దేది. తల్లి చేతులు పని చేసుకుపోతున్నాయి గానీ ప్రాణమంతా చెవుల్లోకి వచ్చేసింది. ఆ కొన్ని నెలల్లో కిండర్‌గార్టెన్‌లో చెప్పినవన్నీ, ఒక్కటీ పొల్లుపోకుండా, కుర్చీల నోట వినిపిస్తున్నాయి. అక్షరాలన్నీ వచ్చు. అంకెలు వచ్చు. వాన ఎలా పడుతుందో వచ్చు. పాట కూడా వచ్చు. పిల్ల అక్కడ గోడవార నిలబడి అన్నీ మింగేసింది, ఏ ఒక్కటీ బయటికి చెప్పకుండా.

మూల ఒక కుర్చీ ఉంది. పిట్ట దాన్ని మాత్రం లేపకుండా దాటేస్తోంది. ఆ సమయంలో తల్లి ఐమూల వరస లాగుతూ ఉంది. రెండు బద్దలు ఒకే బెజ్జంలో దూరాలి, కన్ను తిప్పితే జారిపోతుంది. తల ఎత్తకుండానే, ఆ మూలదాన్ని అడగవేం అంది.

"అది చెప్పదు."

"ఎందుకట?"

"దానికి అన్నీ వచ్చు. కానీ అందరూ దాని నోరే చూస్తారు. అప్పుడు మాట లోపలికెళ్ళిపోతుంది."

తల్లికి బద్ద వదిలేసి, తిరిగి, పిల్లని గుండెలకి అదుముకోవాలనిపించింది. తిరగలేదు. తిరిగితే ఏమవుతుందో ఇప్పుడే విన్నది. కళ్ళలో నీళ్ళు తిరిగి బెజ్జం మసకగా కనిపిస్తున్నా దబ్బనంతో దాన్ని వెతుక్కుంటూనే, మామూలుగా, "మరేం చేస్తే వస్తుంది?" అంది.

పిట్ట ఆలోచించింది. "ఎవరూ చూడకపోతే. వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటుంటే."

ఆ రోజు నుంచి ఆమె పిల్లకి ఎదురుగా కూర్చోవడం మానేసింది. ఇద్దరూ పక్కపక్కన, కుర్చీకి అభిముఖంగా, నేల మీద. పిట్ట తడి బద్దలను పొడుగువారీగా ఏరి అందించేది. తల్లి చట్రం మీదే కళ్ళు పెట్టి ఏదో ఒకటి అడిగేది. జవాబు వస్తే వచ్చినట్టు, రాకపోతే ఆ ప్రశ్న కుంటిదాన్ని అడిగినట్టు. గ్రంథాలయం నుంచి కథల పుస్తకాలు తెచ్చుకున్నారు. తల్లిని పిట్ట తన తరగతిలో చేర్చుకుంది. తల్లి మాటలు మింగుతూ తప్పుగా చదివేది, చిన్న పంతులమ్మ సరిదిద్దేది. కొన్నిసార్లు తల్లి నిజంగానే తప్పు చదివేది, అప్పుడు చిన్న పంతులమ్మ మరింత గట్టిగా సరిదిద్దేది.

అంతా పూలబాట అనుకోవద్దు. కొన్ని రోజులు పిట్ట తీసివేతలంటే చెవులు మూసుకునేది. కొన్ని రోజులు తల్లికి చేతినిండా పని, నోటినిండా విసుగు. ఒకసారి పుస్తకం విసిరేసి, వెళ్ళి పెరట్లో నిలబడింది. పిల్లని ముంచేస్తున్నానేమో, ఈ ఏడాది తిరిగి రాదు కదా అని భయపడింది. భర్త వచ్చి పక్కన నిలబడి, బస్సు నేర్చుకునే రోజుల్లో తను ఒక పాలబండిని ఎలా గుద్దాడో, తోటి డ్రైవర్లు రోడ్డు మీద పాలు చూసి ఎలా నవ్వారో చెప్పాడు. దానికీ దీనికీ ఏం సంబంధమని ఆమె అడిగింది. ఏమీ లేదు, ఊరికే చెప్పాననేసరికి ఆమెకి నవ్వొచ్చి లోపలికి వెళ్ళింది.

కుర్చీ ఇవ్వడానికో తీసుకెళ్ళడానికో వచ్చినవాళ్ళు పిట్టని చూసి, ఏం చదువుతున్నావమ్మా అని వంగి అడిగేవారు. పిల్ల బిగుసుకుపోయేది. తల్లి సిగ్గుపడి సర్దిచెప్పేది కాదు ఇప్పుడు. మీ కుర్చీ వెనక కాలు చూడండి, పురుగు పట్టింది అనేది. కుర్చీకి పురుగు పట్టిందంటే పిల్ల మీద ఎవరికీ చూపు ఉండదు.

ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా అత్తగారు దిగింది. సంచి ఇంకా చేతిలో ఉండగానే గోడకున్న రెండు బెజ్జాలు చూసింది. నల్లబల్ల ఏదంది. పెరట్లో ఉందని కోడలు చెప్పింది. అత్తగారు పిట్టని దగ్గరికి పిలిచి, కథల పుస్తకం తెరిచి, ఒక మాట మీద వేలు పెట్టి, చదువు తల్లీ అంది. పిట్ట నేల చూసింది. అత్తగారు మళ్ళీ అడిగింది. గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం పైకెత్తింది. ఆ కళ్ళు చూసి ఆమె చెయ్యి తనంతట తానే వెనక్కి వచ్చింది.

పెళ్ళైన దగ్గర్నుంచి కోడలు అత్తగారికి ఎదురు చెప్పింది లేదు. ఆ రోజు కూడా ఎదురు చెప్పలేదు. పక్కన చాప జరిపి, "అత్తయ్యా, మీరిలా వచ్చి కూచోండి. ఈ కొస కాస్త పట్టుకోండి, నాకు ఒక చెయ్యి తక్కువైంది" అంది.

అత్తగారు కూర్చుంది. బద్ద కొస గట్టిగా పట్టుకోమంటే పట్టుకుంది. వదలమంటే వదిలింది. రెండు వరసలు అయ్యేసరికి ఆమెకు పని మీద పట్టుదల వచ్చింది, వేలికి పీచు గుచ్చుకున్నా లెక్కచెయ్యలేదు. వెనక కొలబద్ద టకటకలాడింది. కుంటిది జవాబు చెప్పింది. బొక్కది తడబడింది. మానిటరు చీవాట్లు తిన్నది. అత్తగారు తల తిప్పబోతే కోడలు మోకాలితో మెల్లగా తట్టింది.

"ఇవాళ కొత్తగా చేరినవాళ్ళు కూడా చదవాలి" అంది వెనక నుంచి గొంతు.

అత్తగారు ఒళ్ళో ఉన్న పుస్తకంలోంచి ఒక వాక్యం చదివింది. ఒక మాట కావాలని తప్పు చదివింది. జీవితమంతా పిల్లల తప్పులు దిద్దిన మనిషి, ఏ తప్పు చేస్తే పిల్లలకి దిద్దాలనిపిస్తుందో ఆమెకి తెలుసు. పిట్ట వచ్చి, నానమ్మ భుజం మీంచి వంగి, ఆ మాటనే కాదు వాక్యమంతా చదివి వినిపించింది. అత్తగారు పేము కొస పట్టుకుని ముందుకే చూస్తూ, "అలాగా. ఈసారి జాగ్రత్తగా చదువుతాను టీచర్" అంది.

వంటింట్లో గ్లాసులు కడుగుతూ ఆమె కోడలితో అన్న మాటలు మెచ్చుకోలూ కావు, తెగడటమూ కావు. చదువుకి ఢోకా లేదంది. కానీ మోచెయ్యి సంగతి తను మర్చిపోలేదంది. కుర్చీలు తిరిగి కొట్టవు కదా అంది. ఈసారి ఆ మాట ముల్లులా గుచ్చుకోలేదు. నాకూ అదే దిగులు అని కోడలు ఒప్పుకుంది. ఇద్దరూ ఒకే వైపు తిరిగి నిలబడి మాట్లాడుకోవడం అదే మొదలు.

ఆ తర్వాతి వారం నుంచి అత్తగారు మధ్యాహ్నాలు రావడం మొదలుపెట్టింది, వెంట ఒక పిల్లతో. వాళ్ళ మేడమీద వాటాలో ఉండే నర్సు కూతురు. నర్సుకి మధ్యాహ్నం డ్యూటీలు పడ్డాయి, పిల్లని చూసుకునే దిక్కు లేదు. ముందుపళ్ళు రెండూ ఊడి ఉండటంతో పిట్ట తండ్రి ఆ పిల్లకి బోసి అని పేరు పెట్టాడు. బోసి ఎవరి జవాబు కోసమూ ఆగే రకం కాదు. తనే అడిగి, తనే చెప్పుకుని, తనే నవ్వేది. మొదటి రోజుల్లో పిట్ట ఆ పిల్ల ముందు నోరు విప్పలేదు. బోసి ఆ సంగతి గమనించను కూడా లేదు.

ఒకనాడు ఇద్దరూ తొట్టి దగ్గర చేరారు. కోసి పారేసిన పాత పేము ముక్కలతో పడవలు కట్టి నీళ్ళలో వదులుతున్నారు. అత్తాకోడళ్ళు వంటింట్లో ఉన్నారు. తొట్టి దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది. పెద్ద గొంతు కాదు, కానీ స్పష్టంగా ఉంది.

"అది నాది. ఇచ్చెయ్."

కోడలు సగం లేచింది. అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. "కూచో. చూడకు."

ఇవ్వనంది బోసి. అయితే నీ పడవ మునిగిపోతుందంది పిట్ట. మునగదంది బోసి. నువ్వు కట్టిన ముడి వదులు, ముడి కట్టడం నీకు రాదు, మా అమ్మకి వచ్చు, నాకు వచ్చు అంది పిట్ట. ఆ తర్వాత మాటలు ఆగి జుట్లు పట్టుకున్నారు. వంటింట్లో ఇద్దరు పెద్దవాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చుని, పిల్లలు కొట్టుకుంటుంటే పండు వెన్నెల చూస్తున్నట్టు సంతోషపడ్డారు. తొట్టి తిరగబడి గదంతా నీళ్ళయ్యాకే లేచారు. తడిసిన కుర్చీలను ఆరబెట్టడానికి ఆ సాయంత్రమంతా సరిపోయింది. నేల తుడుస్తూ అత్తగారు, "మోచెయ్యి దొరికిందమ్మాయ్" అంది.

తర్వాత అంతా చకచకా మారిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. పిట్ట బోసితో మాట్లాడేది, బోసివాళ్ళ అమ్మతో మాట్లాడేది కాదు. గ్రంథాలయంలో పుస్తకాలావిడకి తల ఊపేది, గొంతు వినిపించేది కాదు. కానీ పొద్దున్నే కడుపునొప్పి రావడం మాత్రం పోయింది. ఎప్పుడు పోయిందో కూడా తల్లి గమనించలేదు.

ఒకటో తరగతి వయసొచ్చింది. తల్లి ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచుదామనుకుంది, ఆఫీసులో చెప్పడానికి మాటలు కూడా కూర్చుకుంది. కానీ బోసి బడికి వెళ్తోంది కాబట్టి తనూ వెళ్తానని పిట్ట పట్టుబట్టింది. ఆ రోజు తల్లికి చాలాసేపు పని సాగలేదు. పిల్ల తన పక్కన లేకపోతే బద్దలెవరు ఏరి ఇస్తారన్న ఆలోచన ముందొచ్చింది, అక్కడ ఏమవుతుందోనన్న భయం తర్వాత వచ్చింది. ముందొచ్చిన ఆలోచనకి తనలో తనే సిగ్గుపడి, సరే అంది.

బోసి చేరిన ఆ బడి రెండిళ్ళకీ నడుమ ఉంది. బడి వేరు, టీచరు వేరు. తరగతులు తెరిచేముందే తల్లి వెళ్ళి మాట్లాడింది. పిల్లని నిలబెట్టి అడగొద్దంది. ఏదైనా అడగాలంటే పక్కన కూర్చుని, పని చేసుకుంటున్నట్టు అడగమంది. దొడ్డికి వెళ్ళాలంటే పిల్ల మేజా మీద పెన్సిలు నిలువుగా పెడుతుందని చెప్పింది. ఇవి చెబుతున్నంతసేపూ వీపు నిటారుగా పెట్టుకోవడం మర్చిపోయింది. టీచరు శ్రద్ధగా విని, ప్రయత్నిస్తానంది.

మొదటి నెలల్లో పిట్ట బోసితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. తల్లి అడగలేదు, టీచరు చెప్పలేదు. చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం గేటు దగ్గర పిల్లల్ని వదులుతూ టీచరు ఆమెను చూసి ఆగింది.

"పాప బూట్లు బిగుతయ్యాయి, మార్చండి. బొటనవేలు నొక్కుకుంటోందట."

"మీకెలా తెలుసు?"

"తనే చెప్పింది" అని, ఇంకో పిల్ల టోపీ సరిచెయ్యడానికి టీచరు అటు తిరిగింది. ఆమెకి అందులో విశేషం ఏమీ కనిపించలేదు. అంటే ఇదే మొదటిసారి కాదన్నమాట. ఏ రోజున ఏ మాటతో మొదలైందో ఇక తెలిసే దారి లేదు.

తల్లి తిన్నగా ఇంటికి వెళ్ళకుండా కూతుర్ని చెప్పుల దుకాణానికి తీసుకెళ్ళింది. దుకాణంవాడు ఏ రంగు కావాలంటే పిట్ట జవాబు చెప్పలేదు. నల్లవి సరిపోయాయి, అవే తీసుకున్నారు. సగం దారి వచ్చాక, తనకి ఎర్రవి కావాలని ఉందని పిట్ట మొదలుపెట్టింది. ఎరుపు ఎందుకు మంచిదో, నలుపులో ఏ లోపం ఉందో, బోసివి ఏ రంగో ఇంటిదాకా వివరిస్తూనే ఉంది. అక్కడే అడగొచ్చు కదే అని తల్లి అంటే, ఇంకోసారి వెళ్ళినప్పుడు అడుగుతానంది. కావాలంటే తెచ్చి మార్చుకోండని దుకాణంవాడు అన్నాడు కాబట్టి, తల్లి రాత్రి ఆ నల్లబూట్లను పెట్టెలోంచి తియ్యకుండా అలాగే ఉంచింది.